పొగడ చెట్టు కింద పసుపు చీర

బేతంచెర్లలో పొగడ పూలు తెల్లవారేసరికి రాలిపోతాయి. కాస్త ఆలస్యమైతే వాటి మీద బండలు మోసే లారీలు రేపిన దుమ్ము పడుతుంది. అందుకే మారెన్న ఆ రోజు చీకటితోనే లేచి, వాకిట్లోని చెట్టు కింద భార్య రామేశ్వరమ్మ పసుపు చీర పరిచాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలా బండముక్కలు పెట్టాడు. ఆమె పోయి ఆ రోజుకు ఏడాది. ఆమె పెంచిన చెట్టు పూలతోనే ఫోటోకు దండ వేయాలి. అంతకు మించిన కోరికలు ఆయనకిప్పుడు లేవు.

ఆ చెట్టును ఆమె పెంచడం కూడా మామూలుగా పెంచలేదు. ఎండాకాలంలో ఒక్క బిందె నీళ్ళడిగితే, "పూలేమన్నా కూడు పెడతాయా?" అని వీధంతా నవ్వింది. పాపం, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి బతికించుకుంది.

మారెన్న దారం కోసం వెళ్ళి, అంగడి తెరిచేదాకా అక్కడే కాచుకున్నాడు. అంతే, కొంప మునిగింది.

పాలకని బయలుదేరిన పక్కింటి నాగలక్ష్మమ్మ కళ్ళద్దాలు ఇంట్లో మరిచింది. పసుపు చీర, దాని మీద పూలు, మూలల్లో రాళ్ళు కనబడేసరికి చేతులు జోడించి, తన నుదుటి కుంకుమే తీసి రాళ్ళకు పెట్టింది. మారెన్న ఇంట అమ్మవారు వెలిసిందన్న మాట ఆమెకంటే ముందే వీధి చివరకు చేరింది. టెంకాయలు వచ్చాయి, డప్పులు వచ్చాయి. ఆడవాళ్ళు బిందెలకు బిందెలు తెచ్చి చెట్టు మొదట్లో కుమ్మరించారు.

దారపు ఉండతో తిరిగొచ్చిన మారెన్నకు తన వాకిట్లోకి తనకే దారి దొరకలేదు.

"యాడికి పోతాండావప్పా? వరసలో రా!" అన్నాడు ఎదురింటి బొజ్జన్న. ఎవరూ అడక్కుండానే పెత్తనం నెత్తినేసుకున్నాడు.

"ఇది నా ఇల్లప్పా!"

"ఇల్లు నీదే. అమ్మవారు అందరికీ. ముందు చెప్పులిడువు."

మారెన్న చెప్పులు విడిచి వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చి వంగితే, తాళాలు ముడేసి ముడేసి నలిగిపోయిన చీర కొంగు కనిపించింది. ఏడాదిగా పదిమందిలో కన్నీరు పెట్టని మనిషి, ఒళ్ళంతా ఊగిపోతూ ఏడ్చాడు.

"మారెన్నకు పూనినాది!" అని నాగలక్ష్మమ్మ కేక పెట్టింది. డప్పు జోరందుకుంది. "ఏం కావాల తల్లీ? చెప్పు!"

"పూలు... నా పూలు నాకియ్యండి," అన్నాడు మారెన్న వెక్కుతూ.

"తల్లి పూలడుగుతాండాది!"

అందరూ దోసిళ్ళతో ఎత్తి ఆయన ఒళ్ళో పోశారు. అప్పుడే ఆత్మకూరు నుంచి వచ్చిన కూతురు సుజన జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఏంది నాయనా ఇది? మా అమ్మ చీరకు ఈ పూజలేంది?"

డప్పు ఆగింది. బొజ్జన్న మెల్లగా చెప్పులు వెతుక్కున్నాడు. నాగలక్ష్మమ్మ ఆ చీర కొంగును కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, "అయ్యో, మా రామేశ్వరి చీర!" అంటూ కూలబడింది. రోజూ ఆమె పక్కన కూర్చుని పూలు గుచ్చిన మనిషే. మారెన్న చేతిలోని దారం అందుకుంది. పొగడ పువ్వుకు నడుమ చిల్లు ఉంటుంది, సూది కూడా అక్కర్లేదు. అయినా కళ్ళనిండా నీళ్ళతో ఆమెకు ఒక్క పువ్వూ ఎక్కలేదు. చివరికి సుజనే దండ గుచ్చింది.

రాళ్ళ మీది కుంకుమ సుజన తుడవబోతే నాగలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనీలేమ్మా. ముత్తైదువుగానే పాయె గదా."

చెట్టు మొదట్లో సాయంత్రం దాకా నీళ్ళు నిలిచే ఉన్నాయి. రామేశ్వరమ్మ అడిగినప్పుడు ఆ వీధిలో ఎవరింట్లోనూ లేని నీళ్ళవి.