ఈశ్వరమ్మ నోట నలభై మూడో పేజీ

రెండో శనివారం పొద్దున సౌందర్య పెట్టుకున్న పనులు రెండే: ఇడ్లీపిండి రుబ్బడం, తన పరిశోధన వ్యాసాన్ని అంగీకరించామన్న మెయిల్ వచ్చిందేమో చూడడం. అరకులోని ఒక డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా అర్థశాస్త్రం చెబుతున్న ఆమెకు ప్రమోషన్ రావాలంటే, సోమవారానికల్లా ఆ అంగీకారపత్రం ఫైల్లో ఉండాలి.

మెయిల్ వచ్చింది. "మీ వ్యాసంలో అరవై ఎనిమిది శాతం, ఇదివరకే అచ్చయిన మరో వ్యాసంలో ఉన్నదే. సాయంత్రం అయిదులోగా మార్చి పంపకపోతే తిరస్కరిస్తాం."

ఆ మరో వ్యాసం రాసింది కూడా సౌందర్యే, నాలుగేళ్ల కిందట.

"మనింట్లో మనమే దొంగతనం సేసినట్టు కేసెట్టేరేటి?" అన్నాడు భర్త లక్ష్మీప్రసాద్.

"నవ్వకండి. కొండమీద కాఫీ తోటల ఈశ్వరమ్మ వాళ్ల సర్వే జవాబులు పాతదాంట్లోంచి ఎత్తి పెట్టేసేను. తోటలు మారేయా, మనుషులు మారేరా అనుకున్నాను. బండి తియ్యండి, మళ్లీ అడిగొద్దాం!"

పదకొండింటికల్లా కొండమీద ఊళ్లో ఉన్నారు. ఈశ్వరమ్మ గుమ్మంలో కూర్చుని కాఫీ పళ్లు ఏరుతోంది. సౌందర్య ఫోన్లో రికార్డింగ్ నొక్కి, తోటలో మిరియాలు వేశాక ఎలా ఉందని అడిగింది. ఈశ్వరమ్మ బుట్ట పక్కన పెట్టి, లేచి చేతులు కట్టుకుంది.

"కాఫీ తోటల్లో మిరియపు తీగల పెంపకం గిరిజన మహిళల ఆర్థిక స్వావలంబనకు విశేషంగా దోహదపడుతున్నదని నేను భావిస్తున్నాను."

సౌందర్య రికార్డింగ్ ఆపేసింది. అక్షరం పొల్లుపోకుండా తన వాక్యమే.

"అలా వద్దు ఈశ్వరమ్మా. నీ మాటల్లో చెప్పు."

"నా మాటలే గదమ్మా. పుస్తకంలో కింద నా పేరే ఉంది."

అప్పట్లో ఆ పాత వ్యాసం అచ్చయిన పత్రిక ఒకటి తెచ్చి ఊరికిచ్చింది సౌందర్యే. తర్వాత సర్వేకి ఎవరొచ్చినా అవే ప్రశ్నలు అడుగుతుండడంతో, బడి పిల్లల చేత చదివించుకుని ఊరంతా జవాబులు నేర్చేసుకుంది.

"ఇదివరకు పూటంతా కూకోబెట్టేవోరు. ఇప్పుడిది సెప్తే రాసుకుని బేగి ఎలిపోతన్నారు," అంది ఈశ్వరమ్మ తృప్తిగా.

పక్కింటి ధనరాజును అడిగితే ఆయనా అంతే నిలబడి, మొత్తం అప్పజెప్పి, "నలభై మూడో పేజీ" అని మరీ కూర్చున్నాడు.

"ఈ జవాబులతోటే మా ఆవిడ ప్రమోషన్ పోయేలాగుంది," అని లక్ష్మీప్రసాద్ నోరు జారాడు. అది పై తోటలకు చేరేసరికి, జవాబు తప్పు చెప్పినందుకు మేడమ్ ఉద్యోగమే పోయిందని మారింది. పళ్లు కోసేవాళ్లంతా బుట్టలతో సహా దిగొచ్చారు. ఎక్కడ తప్పామో తెలియక, మొదటినుంచీ అప్పజెప్పుకుంటూ, ఒకరినొకరు దిద్దుకుంటూ మధ్యాహ్నమంతా గడిపేశారు. సౌందర్య ఎంత బతిమాలినా ఒక్క సొంత మాట రాలలేదు.

నాలుగింటికి, పొద్దున మెయిల్ పంపిన పత్రిక సంపాదకుడు వరహాలరావు ఫోన్ చేశాడు. "ఏమైందమ్మా?"

సౌందర్య నోరు తెరిచేలోగా ఈశ్వరమ్మ ఫోన్ లాక్కుంది. "మేడమ్ తప్పేటీ నేదు బాబూ. మేం కరట్టుగానే సెప్పినాం. ఇనుకో!"

ముప్ఫై గొంతులు ఒక్కసారిగా స్వావలంబన అందుకున్నాయి. పేజీ నంబరుతో ముగించాయి.

సౌందర్య ఫోన్ తీసుకుంది. కళ్లు మూసుకుని జరిగిందంతా చెప్పేసింది, తాను ఎత్తి పెట్టిన సంగతితో సహా.

"అంటే నాలుగేళ్లుగా సర్వేలన్నిటికీ వీళ్లు చెబుతున్నది మీ వ్యాసమేనా?" వరహాలరావు గొంతు కీచుమంది. "ఆ పంపింది అవతల పారేసి ఈ సంగతే రాయండి మేడమ్! రెండు పేజీలు చాలు. అయిదింటికి!"

కాఫీ గింజలు ఎండబోసిన కళ్లం గట్టు మీద కూర్చుని సౌందర్య ఫోన్లోనే రాసింది. లక్ష్మీప్రసాద్ నిమిషాలు చెబుతుంటే ఊరంతా చుట్టూ మూగింది. అయిదింటికి రెండు నిమిషాలుండగా వ్యాసం వెళ్లిపోయింది. అయిదుంబావుకు జవాబొచ్చింది: నకలు సున్నా శాతం, అంగీకరించాం. ఈలలు కొండకు కొట్టుకుని తిరిగొచ్చాయి.

బండెక్కుతుంటే ఈశ్వరమ్మ పరుగున వచ్చింది.

"అచ్చయినాక బేగి ఒకటి అంపమ్మా, నేర్సుకోవాల. ఈసారి మాటలు కూసింత సిన్నవి రాయి."