ముసుగు వస్తాదు మావాడే

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు ఉండేది, ఆ మడుగుకు ఒక టైంటేబుల్ ఉండేది. తెల్లవారగానే ఏనుగులు, పొద్దెక్కాక ఎలుగులు, తర్వాత దుప్పులు, మధ్యాహ్నం అడవిపందులు. అందరూ తాగి, కడుక్కుని, పొర్లి పోయాక, చీకటి పడి బురద మాత్రం మిగిలాక దుమ్ములగొండుల వంతు. ఇది ఎవరు రాశారని అడిగితే అడవి సమితి అధ్యక్షుడు ఏనుగు గంభీరయ్య, "రాసింది కాదు నాయనా, ఉన్నదే" అనేవాడు.

దుమ్ములగొండులు చేసిన తప్పల్లా చచ్చినవాటిని ఎత్తెయ్యడం. ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు వాళ్ళకే వెళ్ళేది. వాళ్ళు ఒక్కపూట రాకపోతే అడవంతా ముక్కు మూసుకోవాలి. వచ్చి ఎత్తేశాక, ఎత్తేశారు కాబట్టి వాళ్ళను ముట్టుకోకూడదు. పొరపాటున తగిలితే మడుగులో మూడు మునకలు వెయ్యాలి. ఇదేం లెక్కని నన్నడక్కండి, నేను కథ చెప్పేవాణ్ణి.

ఆ అడవికి కుస్తీలంటే ప్రాణం. కానీ ఏ జాతి సంఘం ఆ జాతిదే, ఏ సంఘం వస్తాదు ఆ సంఘానిదే. ఎలుగు ఓడిపోగానే ఎలుగులన్నీ లేచి ఇంటికి పోయేవి. ఫైనల్ పోటీకి గెలిచినవాడి చుట్టాలు తప్ప ఎవరూ మిగిలేవారు కాదు. కుస్తీలు నడిపే నక్క పానకాలుకు ఇది పెద్ద బెంగ అయిపోయింది.

ఒక ఏడు వలస వచ్చిన కొంగ ఒకటి అతనికి ఒక సంగతి చెప్పింది.

"మెక్సికో అని ఒక దేశం ఉంది. అక్కడ వస్తాదులు ముసుగు కట్టుకుని బరిలోకి దిగుతారు. లోపల ఎవరున్నారో ఇంట్లోవాళ్ళకు తప్ప తెలియదు. పెద్ద పోటీ వస్తే ముసుగునే పందెం కాస్తారు. ఓడినవాడు అందరి ముందూ దాన్ని విప్పి పేరు, ఊరు, ఎన్నేళ్ళ సర్వీసు చెప్పాలి. ఆ తర్వాత జన్మలో మళ్ళీ కట్టకూడదు."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"మా బావమరిది చూశాడు."

పానకాలుకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. మర్నాడే ఎముకల లోయకు వెళ్ళాడు. అక్కడ దుమ్ములగొండి ఎల్లమంద ఒక్కడే ఒక చచ్చిన దున్నపోతును గట్టు మీదికి లాగుతున్నాడు.

"ఒరేయ్ ఎల్లమందా, నీకు కుస్తీ వచ్చా?" అన్నాడు పానకాలు, నాలుగు బారల దూరంలో నిలబడి.

"రాదండి. దున్నపోతును లాగడం వచ్చు."

"రెండూ ఒకటే. బతికున్నది కాస్త సాయం కూడా చేస్తుంది."

మోదుగపూల రంగు వేసిన నారబట్టతో తల నుంచి తోక దాకా ముసుగు కుట్టించాడు పానకాలు. వాసన తెలియకుండా ఒళ్ళంతా మాచిపత్రి రుద్దుకోమన్నాడు. బరిలో మాట్లాడొద్దన్నాడు, ఏం జరిగినా నవ్వొద్దన్నాడు. దుమ్ములగొండి నవ్వితే అడవిలో తెలియనివాళ్ళుండరు.

ఇంటికెళ్ళి ఎల్లమంద ఈ మాట చెబితే అతని పెళ్ళాం పోలేరి, "ఇందులో మనకేం వస్తుంది మావా?" అంది.

"ఏదో ఒకరోజు ఓడి ముసుగు విప్పుతాను కదా. అప్పటికి అడవంతా నన్ను భుజాన మోసి ఉంటుంది. భుజాన మోసినవాణ్ణి మడుగు దగ్గర ఆపుతారా? మనవాళ్ళందరం పట్టపగలు తేటనీళ్ళు తాగుతాం."

"ఇలాగని నక్క చెప్పాడా?"

"లేదు. నాకే తోచింది."

"అనుకున్నాను," అంది పోలేరి. అయినా ముసుగు ముడి ఆవిడే కట్టింది.

మొదటి ఏడు ముసుగు వస్తాదు పందులన్నిటినీ పడగొట్టాడు. రెండో ఏడు ఎలుగు సంఘం అధ్యక్షుడు, ఆ సంఘానికి వస్తాదు కూడా అయిన భీమలింగాన్ని వెల్లకిలా పరిచాడు. ఇంకెవరైనా అయితే భీమలింగం పగబట్టేవాడే. ఇక్కడ మాత్రం దుమ్ము దులుపుకుని లేచి తనవాళ్ళతో, "ఆ పట్టు చూశారా? అది ఎలుగు పట్టు. అతను మావాడే. చిన్నప్పుడు పాలు చాలక ఒళ్ళు కాస్త తగ్గింది, అంతే" అన్నాడు.

దుప్పుల సంఘం పెద్ద వైదేహమ్మ ఒప్పుకోలేదు. "ఆ నడక చూడండి. దుప్పి నడక కాకపోతే నా పేరు మార్చి పెట్టండి. లావంటారా, కుస్తీలు పట్టేవాడు నాలుగు మెతుకులు ఎక్కువ తింటాడు."

పందులు ముసుగు కింద కోరలున్నాయని ఒట్టేసి చెప్పాయి. ఒక్కో సంఘం ఒక్కో సభ పెట్టి, ఖాళీ కుర్చీకి శాలువా కప్పి, మన జాతి రత్నం అని సన్మానం చేసింది. ఇప్పుడు ఎవరు ఓడినా ఎవరూ ఇంటికి పోవడం లేదు. గెలిచేవాడు ఎలాగూ తమవాడే.

కుస్తీ అయ్యాక వస్తాదు తాగడానికి తేటనీళ్ళ కుండ ఒకటి పెట్టేవారు. అతను తాగి వదిలేసిన నీళ్ళు తాగితే రోగాలు పోతాయని ఎవరో అన్నారు. అంతే, ఆ కుండ కోసం ఎలుగులూ దుప్పులూ ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవి. వైదేహమ్మ గారి మోకాళ్ళ నొప్పులు దానితోనే తగ్గాయట. తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చి వస్తాదు కాళ్ళకు తాకించేవారు. ఆ తాకించినవాళ్ళే సాయంత్రం దుమ్ములగొండులు దూరంగా కనబడితే పిల్లల్ని పక్కకు లాగేవారు.

ఇలా పదకొండేళ్ళు గడిచాయి. పానకాలు సమితిలో సభ్యుడై గంభీరయ్య పక్కన కూర్చుంటున్నాడు. ఎల్లమందకు నడుము పట్టేస్తోంది, ఎడమ మోకాలు మడత పడటం లేదు. ఒకరోజు పానకాలుతో, "ఈసారి ఓడిపోతానండి" అన్నాడు.

"ఓడితే విప్పాలిరా."

"విప్పడానికే ఓడతానండి."

"నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు," అన్నాడు పానకాలు. అంత సాహసం చెయ్యడులే అనుకుని ఆ సంగతి మర్చిపోయాడు.

పెద్ద పోటీ రోజున ముసుగు వస్తాదు, భీమలింగం బరిలోకి దిగారు. అడవంతా వచ్చింది. దూరంగా ఏటవాలు మీద పోలేరి, ఎముకల లోయవాళ్ళందరూ కొత్త కుండలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకు ఈరోజే అని తెలుసు.

రెండో పట్టుకే వస్తాదు వెల్లకిలా పడుకున్నాడు. పైనున్న భీమలింగం కంగారుపడి చెవిలో, "లెండి బాబూ, మీరోడితే మన జాతి పరువేం కావాలి?" అన్నాడు. చేతులు పట్టి లేపబోయాడు కూడా. వస్తాదు లేవలేదు. తప్పనిసరై భీమలింగం గెలిచాడు.

ఎల్లమంద లేచి ముడి విప్పాడు. పదకొండేళ్ళుగా మనసులో అనుకుంటున్న మూడు ముక్కలూ చెప్పాడు.

"పేరు ఎల్లమంద. ఊరు ఎముకల లోయ. సర్వీసు పదకొండేళ్ళు."

భీమలింగం తన రెండు చేతులూ చూసుకున్నాడు. "ఇతని కింద నేను తొమ్మిదిసార్లు పడ్డాను," అన్నాడు మెల్లగా.

"ఆ కుండలో నీళ్ళు నేను తాగాను," అంది వైదేహమ్మ. ఆవిడకు అప్పటికప్పుడే మోకాళ్ళ నొప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

గంభీరయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే సమితి సమావేశమైనట్టే లెక్క.

"ఇతనే వస్తాదైతే ఇక్కడున్న ప్రతివాడికీ అంటు తగిలినట్టు. తగిలిన ప్రతిసారికీ మూడు మునకలు. పదకొండేళ్ళ మునకలు ఒక్కసారిగా వేస్తే మడుగు మిగలదు. కాబట్టి ఇతను వస్తాదు కాడు."

సభ మొత్తం గట్టిగా ఊపిరి వదిలింది.

"ఎవరినైనా పంపండి, పట్టు పట్టి చూపిస్తాను," అన్నాడు ఎల్లమంద.

"నిన్ను పట్టుకుంటే నేను స్నానం చెయ్యాలయ్యా," అన్నాడు భీమలింగం. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

"పానకాలూ, ఇతన్ని నువ్వెరుగుదువా?" అని అడిగాడు గంభీరయ్య.

పానకాలు సమితి కుర్చీలో ఒకసారి సర్దుకుని కూర్చున్నాడు. "చావులప్పుడు చూశానండి," అన్నాడు.

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. అసలు వస్తాదును ఈ దుమ్ములగొండి ఎక్కడో మాయం చేసి ముసుగు దొంగిలించాడు. దొంగతో జరిగిన కుస్తీ చెల్లదు. శిక్షగా దుమ్ములగొండులకు ఇకమీదట మడుగు రోజు విడిచి రోజు. అసలు వస్తాదును వెతికి పదిహేను రోజుల్లో బరిలో నిలబెట్టే బాధ్యత పానకాలుది. నిలబెట్టకపోతే మాయం చెయ్యడంలో అతనికీ వాటా ఉన్నట్టు.

కొత్త కుండలు ఖాళీగానే లోయకు తిరిగి వెళ్ళాయి.

పానకాలు పన్నెండు రోజులు ముసుగుకు సరిపడేవాడి కోసం తిరిగాడు. ఎవరూ దొరకలేదు. పదమూడో రోజున తనే కట్టుకుని బరిలోకి దిగాడు. కుస్తీ మొదలవ్వనే లేదు. "మావాడు తిరిగొచ్చాడు" అని భీమలింగం ఆనందం పట్టలేక పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. వస్తాదు గారికి నలతగా ఉందని ప్రకటించి కుస్తీ వారానికి వాయిదా వేశారు.

పానకాలు పాక్కుంటూ ఎముకల లోయకు వచ్చాడు. ఈసారి నాలుగు బారల దూరంలో ఆగలేదు.

"ఎల్లమందా, నువ్వు కట్టకపోతే వారంలో నేను పోతాను."

"పోతే కబురు పెట్టించండి, మేమే వచ్చి ఎత్తుతాం," అంది పోలేరి.

"నన్ను తిట్టమ్మా, పడతాను. మీకేం కావాలో చెప్పు."

"మా నలభై రెండు మందీ పట్టపగలు మడుగులో నీళ్ళు తాగాలి."

పానకాలు పక్కటెముకలు పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "మొహాలతో అయితే నా వల్ల కాదు. ముసుగులతో అయితే ఒప్పిస్తాను."

పదకొండేళ్ళలో ఏ దెబ్బకూ కంటతడి పెట్టని ఎల్లమంద అప్పుడు ఏడ్చాడు. "నా మొహంతో తాగుదామనుకున్నానే పోలేరీ," అన్నాడు.

"చూపించావు కదా మావా. ఏమైందో చూశాం కదా," అంది పోలేరి. ఆవిడకూ ఏడుపు వస్తోంది, కానీ ఆపుకుంది. "రోజు విడిచి రోజు బురద తాగి పిల్లలకు నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి. కట్టుకో."

ఒకసారి విప్పినవాడు జన్మలో మళ్ళీ కట్టకూడదన్న రూలుందే అంటారేమో. ఆ రూలు వస్తాదుకు. ఎల్లమంద వస్తాదు కాడని సమితే తేల్చింది, కాబట్టి ఇబ్బంది లేదు.

వారం తిరిగి వస్తాదు మళ్ళీ బరిలో కనబడ్డాక పానకాలు సమితిలో లేచి నిలబడ్డాడు. "వస్తాదు గారు ఒక్క మనవి చేసుకుంటున్నారు. ఇకనుంచి వారి కుటుంబం కూడా మన మధ్యే ఉంటుంది. పగటిపూట మడుగులో నీళ్ళు తాగడానికి అనుమతి కావాలి."

"ఎంతమంది?" అన్నాడు గంభీరయ్య.

"నలభై రెండు మందండి. అందరికీ ముసుగులుంటాయి. వంశాచారం."

"నలభై ఇద్దరు మావాళ్ళా," అని భీమలింగం పొంగిపోయాడు. వైదేహమ్మ తన వంతులో సగం పొద్దు వాళ్ళకు రాసిచ్చేసింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ సమితి చరిత్రలో ఏకగ్రీవం అదే మొదలు.

మర్నాడు పట్టపగలు, దుప్పుల వంతు వేళకు నలభై రెండు ఎర్ర ముసుగులు మడుగులోకి దిగాయి. ఒడ్డున ఉన్న దుప్పులు లేచి దారిచ్చాయి. వైదేహమ్మ స్వయంగా వచ్చి పోలేరి పక్కన కూర్చుంది.

"తాగమ్మా, తాగు. మనవాళ్ళ దగ్గర మొహమాటమేమిటి," అంది.

పోలేరి తాగింది. తడిసిన నారబట్ట ముక్కుకు అంటుకుని ఊపిరాడటం లేదు. అయినా తాగుతూనే ఉంది. పక్కనే ఎల్లమంద తల ఎత్తకుండా తాగుతున్నాడు.

"మీరు కొత్తగా వచ్చారు గాని, ఇక్కడ ఆ దుమ్ములగొండులతో ఎంత బాధపడ్డామో నీకు తెలియదు," అంది వైదేహమ్మ గొంతు తగ్గించి. "రెండ్రోజులుగా పీడ విరగడయింది, ఒక్కటీ కనబడటం లేదు. చూడు, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో."

"అవునండి, తేటగా ఉన్నాయి," అంది పోలేరి.

నీతి కావాలన్నవాళ్ళు రాసుకోండి: అడవిలో అందరూ సమానమే, ఎవరు ఎవరో తెలియనంత కాలం.