పదకొండు నాటు గుడ్లు

దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజు పొద్దున పరశురాం సార్‌కు ఉన్న పనులు మూడే. కోళ్ల గూడు తెరవాలి, గుడ్డు తీసి గోడ మీదుగా పక్కింటి గోపమ్మకు అందించాలి, ఏడున్నరకు జడ్చర్ల బస్సు అందుకోవాలి. భార్య కోమల పోయి రెండు నెలలైంది. ఆమె రోజూ చేసే పనుల్లో ఆయన చేతికి వచ్చింది ఈ గుడ్డు పని ఒక్కటే.

దవాఖానలో చివరి వారం కోమల ఇల్లు గురించి గానీ, ఆయన తిండి గురించి గానీ ఏమీ చెప్పలేదు. "గోపమ్మ కోడలు ప్రవళికకు రక్తం తక్కువున్నదట. కాన్పయ్యేదాక రోజుకొక గుడ్డు ఇచ్చుడు బంద్ వెట్టకు. నాకు రెండుసార్లు కడుపు నిలువలే. ఆ పిల్లకైన నిలవాలె" అంది. ఆయన సరే అన్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె అడిగిన ప్రతిదానికీ ఆయన సరే అనే అన్నాడు. చేసినవి తక్కువ. అందుకే ఈ ఒక్కటి తప్పకూడదనుకున్నాడు.

గూడు తలుపు తీయగానే చిరిగిన దిండు దులిపినట్టు ఈకలు మొహం మీదికి ఎగిరాయి. వాటి వెనకే ఆరు కోళ్లు వచ్చాయి. మెడలు బోసిగా ఉన్నాయి. నాలుగింటికి తోకలే లేవు. చివరి కోడి వాకిట్లోకి ఒక కాలు పెట్టి, ఆయన్ని చూసి, మళ్లీ లోపలికే పోయింది. గుడ్డు మాత్రం లేదు.

పశువుల దవాఖానలో పనిచేసే విజేందర్‌ను పిలిపించాడు. అతడు ఒక కోడిని తిరగేసి, రెక్క కింద ముళ్లలా మొలుస్తున్న కొత్త ఈకలు చూపించాడు.

"రోగం గాదు సార్. ఏడాదికొకసారి పాత ఈకలు ఇడిసి కొత్తయి ఏసుకుంటయి. పొద్దు తగ్గుతాంది గదా, గిప్పుడే మొదలైతది. తిన్నదంత ఈకలకే పోతది. ఇంక గుడ్డుకేడ మిగులుతది?"

"ఎన్ని రోజులు?"

"రెండు నెలలు అనుకోండ్రి. పల్లిచెక్క, ఎండు శాపలు జర ఎక్కువ పెట్టుండ్రి. మేడం ఉన్నప్పుడు గూడ ఏటా ఇదే గద సార్. మీరు సూడలేదా?"

పరశురాం సార్ ఇరవై మూడేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాడు. చూడలేదు. కంచంలోకి గుడ్డు రాని రోజుల్లో ఏం వచ్చేదో కూడా గుర్తు లేదు.

ఆ రోజుకు కిరాణా కొట్టులో ఒక తెల్ల గుడ్డు కొని గోడ మీద పెట్టాడు. గోపమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇదేంది సార్? ఫారం గుడ్డా? మందులేసి వెంచిన కోడి గుడ్డు కడుపుతోనున్న పిల్లకు వెడతరా? కోమల వదినె ఉన్నప్పుడు గిట్ల ఎన్నడన్న జేసెనా?"

కోమల పేరు రాగానే ఆయన దగ్గరున్న శాస్త్రమంతా ఆవిరైంది. ఆమె కోళ్లు తన చేతిలోకి వచ్చిన రెండు నెలలకే గుడ్లు మానేశాయని చెప్పడానికి నోరు రాలేదు.

"పొరపాటున వచ్చింది గోపమ్మా. మన కోళ్లు మంచిగనే పెడుతున్నయి. రేపు ఇస్త."

మరునాటి నుంచి కొత్త పని మొదలైంది. కొట్టులో అన్నిటికంటే చిన్న గుడ్డు ఏరుకోవడం, టీ పొడి మరిగించి, చల్లార్చి, అందులో నానబెట్టడం. మొదటిది కాలిన ఇటుకలా తేలింది. రెండోది మచ్చలు పడింది. మూడోది సరిగ్గా కుదిరింది. గోపమ్మ దాన్ని వెలుగుకెత్తి చూసి, "గిది గుడ్డంటే" అని కొంగులో దాచుకుంది. ఎంతోమంది పిల్లలను కాపీ కొట్టినందుకు బెంచీ ఎక్కించిన మనిషి ఆ పొగడ్తకు లోలోపల కాస్త సంతోషపడ్డాడు కూడా.

ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు కావలసి వచ్చింది. రాలిన ఈకలు రోజూ పొద్దున్నే ఎరువుల సంచిలోకి ఎత్తి కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టేవాడు. కోళ్లు బయటికి రాకుండా గూటి ముందు చాప కట్టాడు. "కోళ్లు కనవడ్తనే లేవేంది సార్?" అని గోపమ్మ అడిగితే, "ఎండకు లోపలున్నయి" అన్నాడు. అప్పటికి ఊరంతా స్వెటర్లు బయటికి తీసింది.

నెల దాటాక ఒక ఆదివారం పక్కింట్లోంచి గోపమ్మ కేక వినిపించింది. ఆయన లేచేలోపే ఆమె సత్తు గిన్నె పట్టుకొని గేటు దాటి వచ్చింది. వెనక సగం వాడ ఉంది. ముందు మాజీ వార్డు మెంబరు గుర్వయ్య ఉన్నాడు.

"సూడుండ్రి! పదకొండు గుడ్లు పొదగేసిన. ఇరవై మూడు రోజులాయె, ఒక్క పిల్ల లేవలే. లోపల మెదులుతున్నయా అని గోరువెచ్చటి నీళ్లల్ల ఏస్తే నెత్తురాయె! నా కోడలి కడుపు మీద మంత్రం ఏసిండు గీ పంతులు. ఆయనకు పిల్లలు లేరు, మా ఇంట్ల గూడ ఉండొద్దని!"

పరశురాం సార్ గిన్నెలోకి తొంగి చూశాడు. గిన్నెలో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. అదే సమయానికి వాడ కుక్క ఒకటి కరివేపాకు చెట్టు కింద తవ్వి, ఈకల సంచి ఈడ్చుకొచ్చి జనం మధ్య విప్పింది.

"కోళ్లను గోసి పూజలు జేస్తుండు!" అంది ఎవరో ఆడమనిషి. గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ వెంటనే రెండడుగులు ముందుకు వేసింది.

"అది నెత్తురు గాదు. టీ పొడి" అన్నాడు పరశురాం సార్.

ఎవరూ నమ్మలేదు. గుర్వయ్య గిన్నెలో వేలు ముంచి వాసన చూశాడు. నాలుకకు రాసుకొని, కళ్లు మూసుకొని ఆలోచించాడు.

"టీనే. షక్కర్ లేదు" అన్నాడు.

ఇక దాచడానికేమీ లేదు. ఆయన చాప విప్పాడు. సగం బోసిగా, సగం ముళ్లతో ఆరు కోళ్లు బయటికొచ్చి జనాన్ని చూశాయి. కోమల అడిగినది, కోళ్లు ఈకలు మార్చుకున్నది, గోపమ్మ తెల్ల గుడ్డు వద్దన్నది, తాను రంగు వేసినది, అన్నీ పాఠం చెప్పినట్టు వరసగా చెప్పాడు. "తప్పు జేసిన. గానీ ఫారం గుడ్డు పొదిగితే పిల్ల కాదు, తింటే బలమే. ఆ పిల్లకు బలం కోసమే ఇచ్చిన" అన్నాడు.

జనంలో వెనకగా నిలబడ్డ ప్రవళిక ముందుకొచ్చింది. ఏడో నెల. మెడ ఎముకలు ఆ కోళ్ల మెడల్లాగే కనిపిస్తున్నాయి.

"ఏ గుడ్లు సార్?" అని అడిగింది.

పరశురాం సార్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "కోమల ఉన్నప్పుడు ఇచ్చినయి?" అన్నాడు.

"పెద్దమ్మ రోజు అడిగేది, గుడ్డు తిన్నవా బిడ్డా అని. అత్తమ్మ పక్కనే ఉండేది. తిన్న అని చెప్పేదాన్ని."

ఆయన గోడ అవతలికి చూశాడు. గోపమ్మ వాకిట్లో పద్నాలుగు కోళ్లు తిరుగుతున్నాయి. సగానికి సగం కోమల కోళ్లలాగే మెడ మీద పసుపు చుక్కలతో ఉన్నాయి. ఒకే ఊరి కోళ్లు కదా, పోలికలు ఉంటాయని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"పొదగేస్తే పది కోళ్లయితయి, తింటే ఏమైతది?" అంది గోపమ్మ. గొంతు మాత్రం తగ్గింది.

గుర్వయ్య గొంతు సవరించుకున్నాడు. "అత్తాకోడండ్ల ముచ్చట ఇంటి ముచ్చట. మనకొద్దు. గానీ సదువుకున్న పంతులు గుడ్డుకు రంగేసి ఇచ్చుడు మోసం. ఇరవై మూడు రోజులు కోడి ఉత్తగ కూసున్నది. దానికి జవాబెవరు? సార్ కోళ్లు మళ్ల వెట్టంగనే గోపమ్మ ఇంటికి పదకొండు నాటు గుడ్లు ఇయ్యాలె."

అందరూ అది న్యాయమే అన్నారు. ప్రవళికను ఎవరూ అడగలేదు. పరశురాం సార్ అలవాటు ప్రకారం సరే అన్నాడు.

డిసెంబరులో కోళ్లకు కొత్త ఈకలు నిండాయి. ఒక తెల్లవారుజామున గూట్లోంచి కోమలకు బాగా తెలిసిన అరుపు వినిపించింది. ఆయన వెళ్లి చూస్తే గడ్డిలో వెచ్చగా ఒక గుడ్డు ఉంది. కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. తర్వాత స్టవ్ వెలిగించాడు.

పదకొండు గుడ్లూ రోజుకొకటి చొప్పున గోపమ్మ ఇంటికే ఇచ్చాడు. గోడ దగ్గరికి ప్రవళికను పిలిచి, పెంకు వలిచి, ఉప్పు చల్లి చేతిలో పెట్టి, ఆమె మింగేదాకా అక్కడే నిలబడ్డాడు. పన్నెండో రోజు గోపమ్మ గుర్వయ్య దగ్గరికి పోయింది గానీ, గుడ్లు పచ్చివే ఉండాలని తీర్పులో ఎవరూ చెప్పలేదు.