ఎనిమిదీ ఒకటి

ఆ ఇంటి కోడలికి మావగారి మీద ఫిర్యాదులేమీ లేవు, ఆయన ఎన్నడూ పొరపడరన్న ఒక్కటి తప్ప. హాల్లో గోడ గడియారం నీరసపడిందనీ, కొత్త బ్యాటరీ తెచ్చాననీ వారం కిందటే చెప్పింది.

"దానికింకా ఆర్నెల్ల ఆయుష్షుందమ్మాయ్! గడియారాల సంగతి నాకు చెప్పకు," అన్నారాయన.

ఏటా వర్ధంతి రోజు పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి, యుద్ధంలో పోయిన ఆయన అన్నగారి ఫొటో ముందు ఇంటిల్లిపాదీ రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలి. ఎనిమిదీ రెండుకి ఆయన గడియారం చూసి "చాలు" అనాలి. ఆ తర్వాతే టిఫిన్లూ, ఆఫీసులూ. పోయినేడాది మధ్యలో కోడలు తుమ్మింది. "ప్రాణమిచ్చిన మనిషికి రెండు నిమిషాలివ్వలేకపోయావు. రేపు నేను పోతే మా అన్నయ్యను తలిచేదెవరు?" అని ఏడాది పొడుగునా దెప్పారు. ఈసారి మిన్ను విరిగి మీద పడ్డా నోరు విప్పనని ఆవిడ ఒట్టేసుకుంది.

ఎనిమిదయింది. తండ్రి, కొడుకు, కోడలు వరసగా నిలబడ్డారు. కాసేపటికి వంటింట్లో కుళాయి బాగుచేస్తున్న ప్లంబరు తొంగిచూశాడు.

"అమ్మా, కుళాయి ఊడి చేతికొచ్చింది. మెయిన్ వాల్వు ఎక్కడ?"

కోడలు కనుబొమలతో బాత్రూం వైపు చూపించింది. అతను ఆ కనుబొమల్ని చూసి, ఫొటోలో కుర్రసైనికుణ్ణి చూసి, "అయ్యో, ఎంత చిన్నవయసు!" అని గొణిగి, తల వంచుకుని పక్కన చేరాడు. నీళ్ళు వంటిల్లు దాటి, హాలు దాటి, మెట్లు దిగాయి.

కింది వాటా ఆవిడ చీపురు పుచ్చుకుని పైకొచ్చింది. "మా మంచం తేలుతోంది! అసలీ ఇంట్లో మనుషులున్నా..." సగం మాట మింగేసి, చీపురు వెనక్కి దాచి ప్లంబరు పక్కన నిలబడింది. ఆవిడను వెతుక్కుంటూ భర్త, ఆయన వెనక పోస్టుమాను, మేడమీది లెక్చరరు, ఆయన కూతుళ్ళిద్దరూ వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తల వంచారు.

కోడలు గడియారం చూసింది. ఎనిమిదీ ఒకటి. సెకన్ల ముల్లు ఒక్కచోటే గిలగిల కొట్టుకుంటోంది. "నువ్వు చెప్పు," అని భర్త కళ్ళతో బతిమాలాడు. "మీ నాన్నగారే కదా, మీరే చెప్పండి," అని ఆవిడా కళ్ళతోనే బదులిచ్చింది.

కాలివేళ్ళు మునిగాక మావగారు తల తిప్పారు. ఎన్నడూ ముగ్గురికి మించని చోట పదిమంది! ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ప్లంబరు చేతి గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది.

"చాలు," అన్నారు. "మా అన్నయ్య. పాతికేళ్ళకే యుద్ధంలో పోయాడు. వాడి కోసం ఇంతమంది నిలబడటం ఇదే మొదలు."

ఆ తర్వాత అందరి ముందూ అన్నారు: "తప్పు నాదేనమ్మాయ్. గడియారం ఆగిపోయింది. నీ బ్యాటరీ వేసెయ్."

"తొందరేముంది మావయ్యగారూ? దానికింకా ఆర్నెల్ల ఆయుష్షుంది," అని కోడలు వాల్వు కట్టెయ్యడానికి వెళ్ళింది.