పడమటి సూర్యోదయంపై విచారణ

జిల్లా విద్యాపరిపాలనకు శుక్రగ్రహం మీద ఎలాంటి కక్షా లేదు. ఆ గ్రహం నిబంధనలు పాటించనందువల్ల చర్య తీసుకోక తప్పలేదు, అంతే.

ఏడో తరగతి పరీక్షలో "సూర్యుడు ఏ దిక్కున ఉదయించును?" అని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. పుల్లమ్మ కూతురు రెబ్కా "మనకు తూర్పున, శుక్రుడి మీద పడమర" అని రాసింది. అడగని గ్రహం గురించి చెప్పినందుకు సున్నా పడింది. ఆ ఒక్క మార్కుతోనే పిల్ల తప్పింది.

"ఏంది మాస్టారూ ఇది!" అంటూ పుల్లమ్మ బడి అరుగు మీదికే వచ్చింది. "ఆ వేగుచుక్క మీద పొద్దు ఎటు పొడిస్తే మాకేందండీ? మన చేలో పొడిచేది రాసొస్తే పోయేదిగా! పాసైతే ఎనిమిదిలో ఏద్దామనుకున్నా. ఇంక నాతోపాటు మిరపకోతకే."

"సారే చెప్పారమ్మా," అంది రెబ్కా.

యేసుపాదం మాస్టారు కాదనలేదు. రష్యా పుస్తకాల వ్యానులో కొన్న పుస్తకం చూసి ఆయనే చెప్పారు. శుక్రుడు భూమికి ఎదురు దిక్కున తిరుగుతాడని, అక్కడ సీసం కరిగేంత వేడి అని, మబ్బుల నిండా ఆమ్లమేనని. ఆ సాయంత్రమే జిల్లా కార్యాలయానికి అర్జీ రాశారు.

ఒంగోలులో సూపరింటెండెంటు చెంచురామయ్యగారు అర్జీని మర్యాదగానే తీసుకున్నారు. శుక్రుడు పాత తాలూకాల్లోనూ లేడు, కొత్తగా పెట్టిన మండలాల్లోనూ లేడు కనుక, అక్కడ పొద్దు పడమర పొడుస్తుందని గ్రామ కరణం నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. (కరణాల పదవులు అప్పటికే రద్దయ్యాయి. ధ్రువపత్రం నిబంధన మాత్రం రద్దు కాలేదు.)

శుక్రుడి మీద మబ్బులు నాలుగు రోజుల్లో గ్రహాన్ని చుట్టేసి వస్తాయి. కింద నేల మాత్రం కదిలిందో లేదో తెలియదు. కార్యాలయంలోనూ అంతే. కాగితం బల్ల మీంచి బల్ల మీదికి సుడిగాలిలా తిరిగింది. పని ఉన్నచోటే ఉంది. రష్యావాళ్ళు శుక్రుడి మీద దించిన యంత్రం రెండు గంటలే తట్టుకుందట. (మాస్టారు చీమకుర్తి లారీల దుమ్ము తింటూ బస్సులో వచ్చి, వరండాలో అంతకంటే ఎక్కువసేపే కూర్చునేవారు. దాన్నెవరూ ప్రయోగంగా గుర్తించలేదు.)

పత్తి తీతలు అయిపోయాయి. మిరపకోతలు మొదలయ్యాయి. వేగుచుక్క పొడవగానే రెబ్కా తల్లితో చేలోకి పోతోంది. శుక్రుణ్ణి తెల్లవారకముందే చూస్తున్న సాక్షి ఆ పిల్లే. ఆమెను ఎవరూ పిలవలేదు.

ఈలోగా మాస్టారి భార్య ఎలీసమ్మ పోయి ఏడాది దాటింది. (ఇంట్లో గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరులో రోజుకో కాగితం చించేది ఆవిడే. అది ఆవిడ పోయిన రోజు దగ్గరే ఆగింది. అర్జీకీ దీనికీ సంబంధం లేదు.)

చివరికి విచారణకు పిలుపు వచ్చింది.

"పడమర సంగతి అట్టా ఉంచండి," అన్నారు చెంచురామయ్యగారు మాస్టారు తెచ్చిన పుస్తకం తిరగేస్తూ. "ఇదేంటండీ? శుక్రుడు తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపే అక్కడ ఏడాది అయిపోద్దా? అంటే ఏడాది కంటే రోజే పెద్దదా? పిల్లలకి చెప్పేది ఇదా? ఎక్కడన్నా ఉంటదా మాస్టారూ?"

"ఉంటుందండి."

"మీరు చూశారా?"

మాస్టారు కార్యాలయం గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

"చూస్తున్నానండి."

గుమాస్తా గౌస్ బాషా కలం ఆపాడు. "రాయమంటారా సార్?"

"రాయవయ్యా, అన్నది అన్నట్టు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. (కార్యాలయం చరిత్రలో ఇంత వేగం లేదు.) "అర్జీదారు సదరు రోజును స్వయముగా చూచుచున్నట్లు వాంగ్మూలమిచ్చిరి. అయితే ఆ రోజు ఇంకను ముగియనందున మార్కు మంజూరు చేయుటకు వీలుపడదు. ముగిసిన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకొనవచ్చును."