పదికి పది, ఇంజను దీపంతో సహా

కాలనీల్లోకి పడవలొచ్చిన వరద తర్వాత నాలుగో ఏడు. ఈ దేశంలో కారు బాగైనా కాకపోయినా కారు గల మనిషి తృప్తిగానే ఉంటాడని ఆ ఏడు అమీర్‌పేటలో రుజువైంది. రుజువు నేనే.

వరద లెక్క ఎందుకంటే నా కారు కాగితాల్లో మొదటిది దాని గురించే. 'ఈ వాహనం సదరు వరదలో మునగలేదు' అని కంపెనీవారు ముద్ర వేసి ఇచ్చారు. (ముద్ర వేసిన చోట కాగితం కొంచెం చెమ్మగా ఉంది.)

నా పేరు దయారత్నం. నలభై ఒక్క ఏళ్లు పరుల కార్లు నడిపాను. ఎర్రమంజిల్‌లో ఆఫీసర్లవి, లక్డీకాపూల్‌లో హోటల్ సేట్లవి. వాటిలో ఒక్కదాంట్లోనూ నా భార్య జీవమణి కూర్చోలేదు. కూర్చోకూడదు. ఏటా ఈస్టర్‌కు మెదక్ చర్చికి బస్సులోనే పోయింది. పని మానేశాక పంజాగుట్టలో పాత కార్లమ్మే కంపెనీ దగ్గర ఒక డీజిల్ బండి కొన్నాను. ఈ ఈస్టర్‌కు సొంత బండి అని మాటిచ్చాను. జీవమణి వెనక సీట్లో ఎడమ కిటికీ ఎంచుకుంది. బండి ఆగి ఉండగానే రెండుసార్లు కూర్చుని చూసుకుంది.

అమ్మే ముందు ఆ బండికి కంపెనీవారు రెండువందల పదిహేడు పరీక్షలు చేశారు. చివరిది, సిగరెట్ బూడిద డబ్బా మూత పడుతుందా లేదా అని. పడుతుంది. ఈజీఆర్ వాల్వు అనే వస్తువు ఆ పరీక్షల్లో లేదు.

పండగ పన్నెండు రోజులుందనగా పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద, స్పీడు మీటరు పక్కన పసుపు దీపం వెలిగింది. దాని మీద ఇంజను బొమ్మ ఉంటుంది. వెలిగాక బండి నలభై దాటలేదు. వెనక వచ్చే ఆటో అతను నా వంశాన్నంతా గుర్తు చేశాడు.

కంపెనీ వారి షెడ్డు అమీర్‌పేటలో ఉంది. టోకెను తీసుకుని కూర్చున్నాను. పెంటయ్య అనే పాత మెకానిక్ బానెట్ ఎత్తి, దించి, చేతులు తుడుచుకున్నాడు.

"గది ఈజీఆర్, పెద్దాయన. పొగ మొత్తం బయటికి పోతే సర్కారు ఊకోదు. అందుకే కొంత పొగను మళ్ల ఇంజిన్లకే పంపుతది గీ వాల్వు. సిటీల ఆగుకుంట ఆగుకుంట నడిపితే మసి పట్టి బిగుసుకుంటది. కడిగితే అయిపాయె."

అయిపోలేదు. అది పెంటయ్య మాట. కంప్యూటరు మాట కౌంటర్లో దుర్గేష్ చెప్పాడు. టై కట్టుకున్న పిల్లవాడు, మర్యాదస్తుడు.

"మార్చాలె అంకుల్. ముప్పై ఎనిమిది వేలు."

"కడగరా?"

"కంప్లయింటు ఉన్న బండికి మార్చుడే. కడుగుడు కంప్లయింటు లేని బండ్లకు. ముందు జాగ్రత్త కోసం." (జాగ్రత్త ముందే రావాలి. రోగం వచ్చాక వచ్చినవారికి అది వర్తించదు.)

"గ్యారంటీ ఉంది" అన్నాను.

"ఇంజిన్‌కు ఉన్నది. గేర్‌బాక్స్‌కు ఉన్నది. గిది పొగ, అంకుల్. పొగకు గ్యారంటీ ఎవరిస్తరు? అయినా ఫికర్ చెయ్యకండి, పై ఆఫీసుకు రాస్త."

రాశాడు. బండికి నీళ్లు కొట్టించాడు. లాప్‌టాప్ తీగ తగిలించి దీపం ఆర్పేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"జర ఒక్క మాట, అంకుల్. ఫోన్ వస్తది. ఒకటి నుంచి పదిల ఎంత తృప్తి అని అడుగుతరు. పది అనండి. తొమ్మిదంటే మా దగ్గర సున్నా కిందనే లెక్క. ఇంకొక్క సున్నా వస్తే నన్ను శిక్షణకు పంపుతరు. పోయినోళ్లు ఇప్పటిదాకా ఒక్కరు సుత తిరిగి రాలే."

నేను గేటు దాటకముందే ఫోనొచ్చింది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. "పది" అన్నాను.

మర్నాడు మైత్రీవనం దగ్గర దీపం మళ్లీ వెలిగింది. షెడ్డుకు పోయాను. దుర్గేష్ కంప్యూటరులో చూసి మొహం వేలాడేశాడు.

"మీ కంప్లయింటు మూసేసిన్రు అంకుల్. మీరు తృప్తి చెందిన్రంట."

మూసిన ఫిర్యాదు తెరవాలంటే మేడ మీద తృప్తి విభాగం ఉంది. దాని అధికారి హైమవతి గారు. గోదావరి వైపు మనిషి. కుర్చీ చూపించి, మజ్జిగ తెప్పించారు.

"ఏంటండీ, పదికి పది ఇచ్చారు కదా?"

"దీపం వెలుగుతోంది."

"అది కారు సంగతండీ. నేనడిగేది మీ సంగతి."

నా సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. మజ్జిగ తాగాను. ఆవిడ జాలిపడి ఒక పత్రం ఇచ్చారు. తృప్తి ఉపసంహరణ పత్రం. మూడు నకళ్లు. జత చేయవలసినవి: లోగడ తృప్తి చెందినట్టు రుజువు, ప్రస్తుతం చెందడం లేదని ఇంటి పెద్ద ధ్రువీకరణ (ఇంటి పెద్ద తానే అయినచో పక్కింటి పెద్దది), తృప్తి పరచిన ఉద్యోగి అంగీకార సంతకం.

ఆ సంతకం దుర్గేష్‌ది. మెట్ల మీద నుంచి కిందికి చూశాను. ఎవరో ముసలామెకు గ్లాసులో నీళ్లిస్తున్నాడు. పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ వారమంతా పోయాను. ఆరుసార్లు. పోయిన ప్రతిసారీ బండి కడిగి, దీపం ఆర్పి పంపారు. ప్రతిసారీ ఫోనొచ్చింది. ప్రతిసారీ పది అన్నాను. అబద్ధం కాదు. బండి పైన నిజంగానే బాగా కడుగుతారు. వాల్వు పొగను ఎటు పంపుతుందో కంపెనీ నన్నూ అటే పంపుతోందని పెంటయ్యతో అందామనుకున్నాను. అతను పనిలో ఉన్నాడు.

ఇంట్లో జీవమణి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"మస్తు మెరుస్తుంది. నలభైల పోతే వచ్చే ఈస్టర్‌కన్న మెదక్ చేరతమా?"

నేను గుడ్డ తీసి అద్దం తుడిచాను.

"నలభై ఒక్క ఏండ్లు మంది బండ్లకు ఒక్క నాడు రోగం రానియ్యలే. నీ బండికే దొరికినవా?"

శుక్రవారం ఆరాధన నుంచి వచ్చి, అటక మీద నుంచి బస్సు సంచి దించి దులిపింది. ఆ దుమ్ము నా మీద పడింది.

శనివారం పొద్దున కంపెనీ నుంచి పిలుపు. సెంట్రల్ హైదరాబాద్ మొత్తానికి పరమ తృప్త వినియోగదారుగా నన్ను ఎంపిక చేశారు. ఏడు పదులు వేసినవాడు కంపెనీ చరిత్రలో లేడట. శాలువా కప్పారు. మూడడుగుల అట్ట తాళంచెవి చేతికిచ్చారు. అది ఏ బండికీ పట్టదు. తర్వాత మైకు ఇచ్చి రెండు ముక్కలు చెప్పమన్నారు.

"దీపం వెలుగుతోంది" అన్నాను.

చప్పట్లు కొట్టారు. తెల్లారితే పండగ, పెద్దమనిషి దీవించాడనుకున్నారు. హైమవతి గారు కళ్లు తుడుచుకున్నారు.

శాలువాతో పాటు ఒక కవరు ఉంది. మెట్ల దగ్గర దుర్గేష్ చింపి చదివాడు. 'ఈజీఆర్ వాల్వు కడుగుట ఉచితం. ఈ ఒక్కరోజే. ఏ ఫిర్యాదూ లేని వాహనాలకు మాత్రమే.' రెండోసారి మెల్లగా చదివాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్! రికార్డుల మీ బండికి ఏ రోగం లేదు!"

గంటలో పెంటయ్య వాల్వు ఊడదీశాడు. చిన్న రేకుతో గీకితే మసి పెళ్లలుగా రాలింది.

"వామ్మో, గింత మసా! గిన్ని రోజులు గిది నడిసిందెట్ల?"

"గట్లనకు పెంటన్నా" అన్నాడు దుర్గేష్, చుట్టూ చూసి. "గీ బండికి ఏం లేదు. ముందు జాగ్రత్తకు కడుగుతున్నం."

"జాగ్రత్తనే మూడు డబ్బాలున్నది" అన్నాడు పెంటయ్య.

బండి స్టార్ట్ చేశాను. దీపం లేదు. ఈసారి దానంతటదే.

మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరాం. జీవమణి ఎడమ కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు సంచి కూడా తెచ్చుకుంది. (నా మీద నమ్మకం ఉంది, కంపెనీ మీద లేదు.) నర్సాపూర్ అడవి దగ్గర ఎనభై చూపించింది మీటరు. ఆమె ముందుకు వంగి ఆ అంకె చదివి, మళ్లీ వెనక్కి ఆనుకుంది. అప్పుడే ఫోను మోగింది. మూడుసార్లు.

"ఎత్తరాదు?" అంది.

"బండి నడుపుతున్న."

నలభై ఒక్క ఏళ్లలో నడుపుతూ ఎత్తలేదు. సొంత బండి అని ఎత్తుతానా.

చర్చి ముందు ఆపి, దిగి, వెనక తలుపు తీసి పట్టుకున్నాను. "నాకు తీసుడు రాదా?" అంది. కాని నేను పూర్తిగా తీసేదాకా కదల్లేదు. ఆమె లోపలికి పోయాక ఫోను చూసుకున్నాను. మెసేజీ ఉంది. 'మీరు సమాధానం ఇవ్వలేదు. సమాధానం ఇవ్వనివారిని సున్నాగా పరిగణిస్తాము. మీ అతృప్తికి చింతిస్తూ మీ ఫిర్యాదు స్వీకరించాము. ఈజీఆర్ వాల్వు మార్చుటకై, జాడ యంత్రం చూపుతున్న చోటి నుంచి వాహనాన్ని తీసుకురావడానికి క్రేను బయల్దేరింది.'

ఆరాధన అయి బయటికి వచ్చేసరికి క్రేను ఉంది. కంపెనీ చెప్పినట్టు చేసిన పని అదొక్కటే. డ్రైవరు అప్పటికే నా బండికి కొక్కెం తగిలిస్తున్నాడు. జీవమణి బస్సు సంచి గట్టిగా పట్టుకుని నా వైపు చూసింది.

తృప్తి విభాగానికి ఫోన్ చేశాను. పండగ రోజైనా అది పనిచేస్తుంది. (షెడ్డు చేయదు.) "పది" అన్నాను. అక్కడే ఫిర్యాదు మూసేశారు. అక్కడ దుర్గేష్ ఉద్యోగం, ఇక్కడ నా బండి, ఒక్క మాటతో గట్టెక్కాయి.

డ్రైవరు తన ఫోనులో కబురు చూసుకుని, కొక్కెం తీసేసి క్రేను స్టార్ట్ చేశాడు. వెనక నుంచి నల్లటి పొగ, చర్చి మెట్ల దాకా. కిటికీలోంచి చూస్తే అతని స్పీడు మీటరు పక్కన పసుపు దీపం.

"దీపం వెలుగుతోంది" అన్నాను.

"ఆరు నెలలాయె పెద్దాయన" అన్నాడు, గేరు వేస్తూ. "నేను సుత పదే చెప్పిన."