స్వర్ణ ఓటీపీలు మింగిందెవరు?

"నేరస్థుడు ఎంత తెలివైనోడైనా కావచ్చు కామాక్షయ్యా. కానీ ఇందుకూరుపేటలో నేరం చేసినాడంటే, ఇక్కడ నేను ఉండానన్న సంగతి మరిచిపోయినాడనే లెక్క."

ఇంతమాట అన్నవాడు మా పద్మనాభయ్య. బజారులో జిరాక్స్ సెంటర్ నడుపుతాడు. విజిటింగ్ కార్డు మీద మాత్రం 'ప్రైవేట్ డిటెక్టివ్' అని ఉంటుంది. నాయుడుపేటలో చిన్న వ్యాపారుల మీటింగు జరిగితే, నలుగురితో పరిచయాలుంటే వ్యాపారం పెరుగుతుందని నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడ కనిపించిన వాళ్లందరికీ ఆ కార్డులు పంచాడు. ఆ నంబరు కోసం విడిగా ఒక ఫోను కూడా కొన్నాడు. ఏడాది దాటినా అది ఒక్కసారి మోగలేదు. అయినా రోజూ తుడిచి ఛార్జింగ్ పెడతాడు. చూస్తే నాకే జాలేస్తుంది.

నేను ఆయన పక్క గదిలో కూర్చుని చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఓపిక నాకు వృత్తిలో భాగం.

ఆ మీటింగు వల్ల నిజంగా బాగుపడబోయింది మాతోపాటు వచ్చిన స్వర్ణ ఒక్కతే. రొయ్యల పచ్చడి చేసి అమ్ముతుంది. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక క్యాంటీన్ వాళ్లు నెలనెలా పచ్చడి తీసుకుంటామన్నారు. ఆ రోజు సాయంత్రం ఐదులోపు జీఎస్టీ సర్టిఫికెట్ పంపకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. తీరా చూస్తే ఆమె పోర్టల్ పాస్‌వర్డ్ మరిచిపోయింది. కొత్తది పెట్టుకోవాలంటే రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పాత నంబరుకు ఓటీపీ రావాలి. ఆ సిమ్ ఇంట్లో లేదు. చనిపోయిన మామగారి పేరు మీదుంది కాబట్టి డూప్లికేట్ అదే రోజు రాదు. ఈమెయిలుకు పంపించుకుందామంటే, దాన్ని తయారుచేసింది పద్మనాభయ్య. దాని పాస్‌వర్డ్ ఆయనకూ గుర్తులేదు.

జీఎస్టీకి ఇచ్చిన నంబరును ఇంటి తాళంచెవిలా దాచుకోవాలని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పడానికి ఇంకో రోజు దొరుకుతుంది కదా అని ఆపుకున్నాను, ఎందుకంటే ఆ పిల్ల అప్పటికే ఏడుపు మొహంతో ఉంది.

స్వర్ణ పొద్దుట్నుంచి చేస్తూనే ఉన్న ఆ పాత నంబరుకు పద్మనాభయ్య ఫోన్ చేశాడు. రెండు రింగులై కట్టయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

"కట్ చేస్తా ఉండాడు. అంటే బతికే ఉండాడు. ఇది అంతర్జాతీయ ముఠా పని" అని కళ్లు సగం మూశాడు. మీ ఆయన్ని అడిగావా అని నేను స్వర్ణను అడిగాను. అడిగిందట. సిమ్ ఎక్కడా పారేయలేదన్నాడట.

సరిగ్గా అప్పుడే ఆమె భర్త మాల్యాద్రి పొలం నుంచి ఫోన్ చేశాడు. పొద్దుట్నుంచి బోరు మోటారు దానంతటదే ఆడుతోందట, దానంతటదే ఆగుతోందట, నారుమడి మునిగేలా ఉందట. కరెంటు వాళ్లను తిట్టి పెట్టేశాడు.

"గమనించినావా? సిమ్ గురించి ఒక్క ముక్క మాట్లాడలా" అన్నాడు పద్మనాభయ్య. "నా అనుమానం మొగుడి మీదనే."

నల్లకళ్లద్దాలు పెట్టుకుని నా బండెక్కాడు. వెనక స్వర్ణ తన స్కూటీ మీద వచ్చింది. పథకం చాలా సులువు. బోరు పక్కన సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది, ఆయన అందులో నక్కుతాడు. పాత నంబరుకు ఫోన్ చేస్తాడు. మాల్యాద్రి జేబులో మోగితే దొంగ దొరికినట్టే.

నేను గట్టు మీద ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. ఆయన తొట్టిలో కూర్చుని నంబరు నొక్కాడు. మాల్యాద్రి జేబులో ఏమీ మోగలేదు. తొట్టి మీది గొట్టంలోంచి నీళ్లు భళ్లున వచ్చి డిటెక్టివ్ నెత్తిన పడ్డాయి.

ఆయన అద్దాలు కొట్టుకుపోయాయి గానీ పట్టుదల పోలేదు. మళ్లీ నొక్కాడు. నీళ్లు ఆగాయి. మళ్లీ నొక్కాడు. నీళ్లు పడ్డాయి.

"ఇది నా మీద హత్యాప్రయత్నం" అని తొట్టిలోంచి అరిచాడు.

నాకప్పుడు వెలిగింది. మా వైపు రైతులు తెల్లారకముందే పొలానికి పరిగెత్తకుండా మోటారు పెట్టెలో ఒక సిమ్ వేసుకుంటారు. ఇంట్లోంచి ఫోన్ కొడితే మోటారు ఆడుతుంది, ఇంకోసారి కొడితే ఆగుతుంది. మాల్యాద్రి కొన్నది చవకరకం, ఏ నంబరు నుంచి కొట్టినా ఆడేస్తుంది.

"మాల్యాద్రీ, ఆ పెట్టెలో ఉండేది ఎవరి సిమ్?" అన్నాను.

"స్వర్ణ పాత ఫోన్‌లోదన్నా. ఊరికే పడుందని వేసినా."

"నన్నడిగితే పారేయలేదన్నావే?" అంది స్వర్ణ.

"పారేసినావా అనడిగితివి. పారేయలేదుగా."

ఇంట్లో ఖాళీ సిమ్ కనిపిస్తే మోటారుకు వేయడం మా మండలంలో పాత చీరతో బొంత కుట్టినంత మామూలు సంగతి. అందుకే ఎవరికీ తట్టలేదు. ప్రభుత్వం పంపిన ఓటీపీలన్నీ పొద్దుట్నుంచి మోటారే అందుకుంటోంది.

సిమ్ తీసి నా ఫోన్‌లో వేశాం. గట్టు మీదే ఓటీపీ వచ్చింది, సర్టిఫికెట్ దిగింది, క్యాంటీన్‌కు వెళ్లింది. ఐదు కాకముందే ఆర్డరు ఖాయమని జవాబొచ్చింది. స్వర్ణ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తడిసి ముద్దయిన పద్మనాభయ్య చేతులు పట్టుకుని, నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నన్నా అంది. ఆ మాటలో అబద్ధం లేదు, అదే నా బాధ.

"మొదటి నుంచీ నా అనుమానం మోటారు మీదనే" అన్నాడాయన.

ఇక మిగిలింది మాల్యాద్రి గోడు. మోటారుకు వేరే సిమ్ కావాలి.

"ఎవురు చేసినా ఆడతాదన్నా. అసలెవురూ ఫోన్ చెయ్యని నంబరు కావాల."

అందరం పద్మనాభయ్య వైపు చూశాం. ఆయన కాసేపు ఆకాశం చూసి, జేబులోంచి డిటెక్టివ్ ఫోన్ తీసి, సిమ్ ఊడదీసి ఇచ్చాడు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం మాల్యాద్రి బజారుకు రాగానే పద్మనాభయ్యది ఒకటే ప్రశ్న. మోటారు దానంతటదే ఏమన్నా ఆడిందా అని. లేదన్నా అంటే తలూపి, జిరాక్స్ మిషన్ వైపు తిరిగేవాడు. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

నిన్న మాల్యాద్రి వస్తూనే చెప్పాడు, మధ్యాహ్నం మోటారు దానంతటదే ఆడిందని. పద్మనాభయ్య మొహం వెలిగిపోయింది. "కేసు కామాక్షయ్యా. ఎవరో ఆపదలో ఉండారు" అని బజారంతా తిరిగి చెప్పి వచ్చాడు.

ఫోన్ చేసింది నేనే. అది కనిపెట్టడం ఆయన వల్ల కాదులెండి.